నర్సింగ్ విద్యార్థుల చేత కథలు, కవితలు రాయించడం: ఆత్మపరిశీలనకు నిజంగా పనికొస్తుందా?

ప్రశ్న (నర్సింగ్ ట్యూటర్, గుంటూరు జిల్లా)

అందరికీ నమస్కారం. నేను ఒక ప్రైవేటు నర్సింగ్ కళాశాలలో బీఎస్సీ రెండో సంవత్సరం విద్యార్థులకు అడల్ట్ హెల్త్ నర్సింగ్ చెబుతాను. వాళ్లను మెడికల్, సర్జికల్ వార్డుల పోస్టింగుకు తీసుకెళ్లేదీ నేనే. పోస్టింగు ముగిసేసరికి ప్రతి విద్యార్థీ కేర్ ప్లాన్లు, కేస్ స్టడీ, డ్రగ్ బుక్కు, లాగ్ బుక్కులతో పాటు ఒక రిఫ్లెక్షన్ (తాను చేసిన పనిని తిరిగి చూసుకుంటూ రాసే ఆత్మపరిశీలన) కూడా రాసి ఇవ్వాలని మా కళాశాలలో నియమం పెట్టుకున్నాం. అందుకు గ్రాహమ్ గిబ్స్ 1988లో ప్రతిపాదించిన ఆరంచెల చక్రాన్ని వాడుతున్నాం. ఏం జరిగింది, అప్పుడు నాకేమనిపించింది, అందులో ఏది బాగుంది, ఏది బాగాలేదు, ఎందుకలా జరిగింది, ఇంకేం చేసి ఉండవచ్చు, మళ్లీ అలాంటి సందర్భం వస్తే ఏం చేస్తాను అనే వరుసలో పిల్లలు రాసుకుపోతారు.

చక్రంలో లోపం ఉందని నేను అనడం లేదు. కానీ నా చేతికి వచ్చే కాగితాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటున్నాయి. ‘రోగిని చూసి చాలా బాధ కలిగింది. సిస్టర్ గారి సహకారంతో ప్రొసీజర్ విజయవంతంగా పూర్తిచేశాను. రోగితో మంచిగా మాట్లాడటం ముఖ్యమని నేర్చుకున్నాను.’ రోగి మారినా, జబ్బు మారినా, రాసిన పిల్ల మారినా ఈ మూడు వాక్యాలు మారవు. కొన్నయితే సీనియర్ల రికార్డుల నుంచి యథాతథంగా దిగుతున్నాయి.

ఇదే పిల్లలు ఆసుపత్రి నుంచి కాలేజీ బస్సులో తిరిగి వచ్చేటప్పుడు మాట్లాడుకునే మాటలు వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఇంజెక్షన్ బయట కొనుక్కురమ్మంటే మెడలో పుస్తెలు తాకట్టు పెట్టి తెచ్చిన ఒకావిడ గురించి, ఆ సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు కింద పడేస్తానేమోనని తన చేయి వణికిన సంగతి గురించి ఒక అమ్మాయి పక్కనున్న స్నేహితురాలికి చెబుతుంటే నేను వెనక సీటులో కూర్చుని విన్నాను. మర్నాడు ఆ అమ్మాయి ఇచ్చిన రిఫ్లెక్షన్‌లో ఆ మందు పేరు, మోతాదు, ఇచ్చిన మార్గం ఉన్నాయి. పుస్తెలూ లేవు, చేయి వణకడమూ లేదు.

కొన్ని దేశాల్లో నర్సింగ్ విద్యార్థుల చేత కథలు, కవితలు, రోగి నోట చెప్పించినట్టుండే స్వగతాలు రాయిస్తారని చదివాను. మన దగ్గర ఎవరైనా చేసి చూశారా? ఏ భాషలో రాయించాలి, మార్కులు వేయాలా, రోగుల గోప్యత మాటేమిటి? ఉన్న రికార్డులు పూర్తిచేయడానికే సమయం చాలడం లేదని మా ప్రిన్సిపాల్ గారు అంటున్నారు, అది అబద్ధం కాదు. అనుభవం ఉన్నవారు కాస్త వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం (విశ్రాంత నర్సింగ్ ప్రొఫెసర్, విశాఖపట్నం)

మేడమ్ గారికి నమస్కారం. బస్సులో చెప్పుకునే మాటకూ రికార్డులో రాసే మాటకూ మధ్య మీరు గమనించిన దూరమే ఇందులో అసలు సమస్య. ఆ అమ్మాయికి ఆలోచించడం రాక కాదు. రికార్డు అన్నది తప్పు దొరక్కుండా చూసుకోవలసిన కాగితం అని మనమే ఆమెకు మొదటి సంవత్సరం నుంచీ నేర్పాం.

వృత్తిలో ఉన్నవాళ్లు పని చేస్తుండగానే చేసే ఆలోచన ఒకటి, పని ముగిశాక దానివైపు తిరిగి చూసుకుంటూ చేసే ఆలోచన మరొకటి అని 1983లో డోనాల్డ్ షోన్ విడదీసి చూపించాక, నర్సింగ్ విద్య ఆ రెండో దాన్ని గట్టిగా పట్టుకుంది. అంతకు ముందే 1978లో బార్బరా కార్పర్ నర్సుకు ఉండవలసిన తెలివిడిని నాలుగు రకాలుగా చెప్పారు. శాస్త్రజ్ఞానం, నైతిక జ్ఞానం, తనను తాను ఎరగడం, ఎదుటి మనిషి పరిస్థితిని ఒక కళాకారుడిలా ఇట్టే గ్రహించి తగినట్టు మసలుకోవడం అన్నవి ఆ నాలుగు. మన కేర్ ప్లాన్, కేస్ స్టడీ మొదటి రకాన్ని బాగానే పట్టుకుంటాయి. మిగతా మూడింటికి మన రికార్డుల్లో గడి లేదు. 1984లో ప్యాట్రీషియా బెన్నర్ కొత్తగా చేరిన నర్సు అనుభవజ్ఞురాలిగా ఎదిగే క్రమాన్ని ఐదు దశలుగా వివరించినప్పుడు, నర్సులు తమ మాటల్లో చెప్పిన సంఘటనల ఆధారంగానే వివరించారు. కథ చెప్పడం మన వృత్తికి బయటి నుంచి తెచ్చిపెట్టుకున్న అలంకారం కాదనడానికి ఇదే నిదర్శనం.

ఇక ఆచరణలోకి వస్తాను. ఇంగ్లండులో గిల్లీ బోల్టన్ వైద్యుల చేత, నర్సుల చేత చేయించిన పద్ధతి నాకు బాగా పనికొచ్చింది. మొదట ఆరు నిమిషాలు కలం ఆపకుండా, తప్పొప్పులు చూసుకోకుండా, మనసులో ఏది మెదిలితే అది రాయాలి. ఆ కాగితం ఎవరికీ చూపించనక్కర్లేదు. బిగుసుకుపోయిన చేతిని వదులు చేయడమే దాని పని. ఆ తర్వాత ఒక సంఘటనను కథగా రాయాలి, తీరిగ్గా చదువుకోవాలి, నమ్మకమున్న ఒకరిద్దరితో పంచుకోవాలి. ఆపైన అదే సంఘటనను వేరే మనిషి వైపు నుంచి తిరగరాయాలి. నా అనుభవంలో ఫలితమంతా ఈ చివరి మెట్టులోనే ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. పక్షవాతం వచ్చి, కుడి చెయ్యీ కాలూ కదలక, మాట కూడా పడిపోయిన ఒక పెద్దావిడకు మా విద్యార్థిని ఒకమ్మాయి బెడ్ బాత్ ఇచ్చింది, అంటే మంచం మీదే ఒళ్లు తుడిచి స్నానం చేయించింది. ‘ప్రొసీజర్ వివరించి, ప్రైవసీ కల్పించి, బెడ్ బాత్ ఇచ్చాను. రోగి సౌకర్యంగా ఉన్నారు’ అని రికార్డులో రాసింది. అదే సంఘటనను ఆ పెద్దావిడ చెబుతున్నట్టు రాయమన్నప్పుడు ఇలా రాసింది. వివరాలు కొన్ని మార్చాను, ధోరణి మాత్రం ఆ అమ్మాయిదే.

‘ఈ పిల్ల చేతులు చల్లగా ఉన్నాయి. ఏదో చెబుతోంది గానీ నా మొహం చూసి చెప్పడం లేదు, పక్కనున్న ఇంకో పిల్లకు చెబుతోంది. తెర పూర్తిగా లాగలేదు. ఎదురు మంచం ఆవిడ కొడుకు వచ్చి కూర్చున్నాడు, ఇటు చూస్తున్నాడేమోనని నాకు భయం. దుప్పటి పైకి లాక్కుందామంటే ఈ చెయ్యి నా మాట వినదు. ఎడం చేత్తో లాగబోతే, కదలకండి అమ్మమ్మా, అంది.’

తెర సగమే లాగిందని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. రికార్డు రాసేటప్పుడు ఆమెకు అది గుర్తుకు కూడా రాలేదు, ఎందుకంటే రికార్డులో ‘ప్రైవసీ కల్పించాను’ అన్నది ప్రతిసారీ రాసే మాట. మంచం మీద పడుకుని ఉన్న మనిషి కళ్లతో గదిని చూడవలసి వచ్చినప్పుడు మాత్రమే ఆ సందు కనిపించింది. ఆ ఎడమ చెయ్యి ఎందుకు కదిలిందో కూడా అప్పుడే ఊహకు అందింది. ఆరంచెల చక్రంలో ‘ఏది బాగాలేదు’ అనే ప్రశ్న ఉన్నా అక్కడ ఆ అమ్మాయికి జవాబు దొరకలేదు, ఇక్కడ దొరికింది. ఆ తర్వాత ఇదే కాగితాన్ని ముందు పెట్టుకుని గిబ్స్ ప్రశ్నలు వేసుకుంటే అవి చక్కగా పనిచేశాయి. కాబట్టి చక్రాన్ని తీసేయమని నేను చెప్పను, దానికి ముందు ఈ రచన పెట్టమంటాను.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. ఆ పెద్దావిడ నిజంగా ఏమనుకున్నారో మనకు తెలియదు. విద్యార్థిని రాసింది ఆవిడ మనసు కాదు, తన ఊహ. రోగి గొంతుతో రాయడం అలవాటైన కొద్దీ రోగిని అడగకుండానే తెలుసుకున్నామన్న ధీమా పెరిగే ప్రమాదం ఉంది. అందుకే నేను ప్రతిసారీ ఒక షరతు పెట్టేదాన్ని: నీ కథలో నువ్వు ఊహించిన ఒక విషయాన్ని రేపు వార్డులో ఇంకో రోగిని అడిగి గానీ, దగ్గర నిలబడి చూసి గానీ సరిచూసుకుని రా. ఆ అమ్మాయి మర్నాడు అన్ని మంచాల చుట్టూ తిరిగి, పడుకున్నవాళ్ల ఎత్తుకు వంగి తెరలు చూసి వచ్చింది. రెండు చోట్ల కొక్కేలు ఊడిపోయి తెర అసలు చివరిదాకా రాదని కనుక్కుని ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు చెప్పింది.

కవితల విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరు. ‘సేవాభావం మీద కవిత రాయండి’ అంటే మీకు కొవ్వొత్తులు, దేవతలు, తల్లి మనసులు వస్తాయి. నర్సుల దినోత్సవానికి గోడపత్రిక మీద అవి బాగుంటాయి గానీ ఆత్మపరిశీలనకు ఎందుకూ కొరగావు. దానికి బదులు ‘రాత్రి డ్యూటీలో రెండు గంటలప్పుడు వార్డులో ఏమేం వినిపించాయో వరుసగా రాయండి’ అనండి. అమెరికాలో కుటుంబవైద్యం బోధించేవాళ్లు సరిగ్గా యాభై ఐదు మాటల్లో కథ రాయించే పద్ధతి ఒకటి వాడుతున్నారు. తెలుగులో విభక్తులన్నీ మాటలోనే కలిసిపోతాయి కాబట్టి నలభై మాటలు చాలు. సమయం లేదనే మీ ప్రిన్సిపాల్ గారికి ఇదే సమాధానం: పోస్టింగు తర్వాత జరిగే క్లినికల్ కాన్ఫరెన్సులో చివరి పావుగంట ఇస్తే ఇది జరిగిపోతుంది.

సమాధానం (స్టాఫ్ నర్సు, ఇంగ్లండు)

ప్రొఫెసర్ గారు చెప్పినదానికి, చదువు ముగిశాక దీని అవసరం ఎలా ఉంటుందో కొంత చేర్చాలనిపించింది. నేను నెల్లూరు జిల్లాలో జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి, కొన్నేళ్లు పనిచేసి, ఆ తర్వాత ఇక్కడికి వచ్చి ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఆసుపత్రిలో వృద్ధుల వార్డులో పనిచేస్తున్నాను. బ్రిటన్‌లో 2016 ఏప్రిల్ నుంచి ప్రతి నర్సూ మూడేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవడానికి రీవ్యాలిడేషన్ చూపించాలి. కనీసం 450 గంటల పని, 35 గంటల కొనసాగింపు విద్య, తన పని మీద ఇతరుల నుంచి వచ్చిన ఐదు అభిప్రాయాలతో పాటు స్వయంగా రాసిన ఐదు రిఫ్లెక్షన్లు కూడా ఉండాలి. వాటి గురించి మరొక రిజిస్టర్డ్ నర్సుతోనో మిడ్‌వైఫ్‌తోనో కూర్చుని మాట్లాడాలి. ఏం జరిగింది, ఏం నేర్చుకున్నావు, నీ పనిలో ఏం మార్చుకున్నావు, అది వృత్తి నియమావళిలో దేనికి సంబంధించింది అని ఫారంలో అడుగుతారు.

మన దేశంలో చదువుకున్న నర్సులు ఈ ఫారం దగ్గర తడబడటం నేను చూస్తూ ఉంటాను. ఇంగ్లీషు రాక కాదు. ‘నేను’ అని మొదలుపెట్టి, తాను చేసిన పని గురించి తానే నాలుగు నిజాయితీ మాటలు రాయడం ఎప్పుడూ అలవాటు కాలేదు. నేనయితే మొదట తెలుగులో, ఎవరూ చూడని నోటు పుస్తకంలో, జరిగింది జరిగినట్టు కథలా రాసుకుంటాను. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరు ఏమన్నారు, నేను ఏం అనబోయి మానుకున్నాను అన్నవి అందులో ఉంటాయి. రెండు మూడు రోజులాగి దాన్ని చదివి, అందులో నేర్చుకోదగ్గ ముక్క ఏదో గుర్తుపట్టి, అప్పుడు ఇంగ్లీషు ఫారం నింపుతాను. ఆ ఫారంలో ఉండేది కొద్ది వాక్యాలే, కానీ వాటి వెనక సరుకు ఉంటుంది.

ఇక గోప్యత సంగతి. ఆ ఐదు రిఫ్లెక్షన్లలో రోగిని గానీ సహోద్యోగిని గానీ గుర్తుపట్టగలిగే సమాచారం ఏదీ ఉండకూడదని ఇక్కడ స్పష్టమైన నియమం ఉంది. చాలామంది పేరు తీసేస్తే చాలనుకుంటారు, అది చాలదు. చిన్న పట్టణంలో ‘ట్రాక్టరు కింద పడి కాలు పోయిన పదో తరగతి కుర్రవాడు’ అంటే పేరు రాయకపోయినా ఊరంతటికీ తెలిసిపోతుంది. కథగా రాయడంలో ఉన్న గొప్ప సౌకర్యం ఇక్కడే కనిపిస్తుంది. వయసు మార్చవచ్చు, ఊరు మార్చవచ్చు, ప్రమాదం మార్చవచ్చు, ఇద్దరు ముగ్గురు రోగులను కలిపి ఒకే మనిషిగా చేయవచ్చు. సంఘటనలోని చిక్కుముడి మాత్రం అలాగే ఉంచాలి.

అయితే మార్చడానికి వీల్లేని చోటు ఒకటి ఉంది. మందు పొరపాటు జరిగినా, రోగి మంచం మీద నుంచి పడిపోయినా, అది ముందు ఇన్సిడెంట్ రిపోర్టులో ఉన్నది ఉన్నట్టుగా, వేళతో సహా నమోదు కావాలి. కథ దాని స్థానంలోకి రాకూడదు, రిపోర్టు ఇచ్చామా లేదా అన్నది తేలకముందు కథ రాయించకూడదు కూడా. మరొక మాట: ఈ కాగితాల ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లకూడదని మొదటి రోజే గట్టిగా చెప్పండి. బాగా రాసిన ముక్కను పదిమందికి చూపించాలనే ఉత్సాహం మంచి మనసుతోనే మొదలవుతుంది, అందుకే ఎక్కువ భయపడాలి.

సమాధానం (స్టాఫ్ నర్సు, వరంగల్)

నేను ఈ మధ్యనే కోర్సు ముగించినదాన్ని కాబట్టి రాసేవాళ్ల వైపు నుంచి చెబుతాను. మీరంతా పిల్లలు నిజం ఎందుకు రాయడం లేదని ఆలోచిస్తున్నారు. రాస్తే ఏమవుతుందో మాకు తెలుసు కాబట్టి రాయం.

నేను చదివిన చోట ఒక పోస్టింగులో నెలలు నిండిన ఒక గర్భిణితో లేబర్ రూములో ఎంత కటువుగా మాట్లాడారో, అది వింటూ నేను ఆమె చెయ్యి పట్టుకుని నిలబడటం తప్ప ఏమీ చేయలేకపోవడం ఎలా అనిపించిందో రిఫ్లెక్షన్‌లో రాశాను. ఆ పుస్తకం సంతకాల కోసం అదే వార్డుకు వెళ్లింది. ఆ తర్వాత నాకు ఆ వార్డులో ప్రసవం దగ్గర నిలబడే అవకాశమే ఇవ్వలేదు, కేసులు పూర్తికాక చివర్లో వేరే ఆసుపత్రికి వెళ్లి పూర్తిచేసుకోవలసి వచ్చింది. మా బ్యాచిలో అందరూ ఆ సంగతి చూశారు. అప్పటి నుంచి అందరి రిఫ్లెక్షన్లలోనూ సిస్టర్లు ఎంతో సహకరించారు.

అందువల్ల కథ రాయించాలా, కవిత రాయించాలా అన్నదానికంటే ముందు తేల్చవలసింది ఆ కాగితం ఎవరి చేతుల్లోకి వెళుతుంది, ఎవరి సంతకం కావాలి, ఎంతకాలం ఎక్కడ ఉంటుంది అన్నది. మా ప్రాక్టికల్స్‌కు మార్కులు వేసేవాళ్లే దాన్ని చదివితే, మీరు ఎంత స్వేచ్ఛగా రాయమన్నా మేం మీకు నచ్చేదే రాస్తాం. రాసింది విద్యార్థి దగ్గరే ఉండాలి. ఏ భాగం చదివి వినిపించాలో, అసలు వినిపించాలో లేదో కూడా తనే ఎంచుకోవాలి.

భాష గురించి నా మాట సూటిగా చెబుతాను: తెలుగులో రాయనివ్వండి. మాలో చాలామందిమి పది దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చాం. పరీక్షలు ఇంగ్లీషులో రాయడం నేర్చుకున్నాం, నేర్చుకోవాలి కూడా. కానీ రోగి మాతో మాట్లాడింది తెలుగులో, మేం జవాబు చెప్పింది తెలుగులో, మా గుండె దడదడలాడిందీ తెలుగులోనే. దాన్ని ఇంగ్లీషులోకి మార్చేసరికి మాకు తెలిసిన నాలుగు విశేషణాలే మిగులుతాయి, ట్యూటర్ మేడమ్ గారు పైన రాసిన ఆ మూడు వాక్యాలు అలాగే పుడతాయి. ‘కడుపులో దేవినట్టుంది బిడ్డా’ అని ఆ ముసలాయన అన్నది అలాగే రాస్తేనే అందులో ఏం అర్థం చేసుకోవాలో నాకు పట్టుబడుతుంది. మా రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయానికి కాళోజీ పేరు పెట్టుకున్నాం. ఆయన జీవితమంతా జనం మాట్లాడే మాటలోనే రాయాలని చెప్పిన మనిషి. ఆ పేరు సర్టిఫికెట్ మీద అచ్చయి వచ్చే పిల్లలకు ఇంటి మాటలో ఒక పేజీ రాసుకునే వీలు ఉండటం న్యాయం.

సమాధానం (మానసిక ఆరోగ్య నర్సింగ్ అధ్యాపకుడు, హైదరాబాద్)

వరంగల్ సిస్టర్ గారు చెప్పినదాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. దానికి మా విభాగం అనుభవం నుంచి రెండు విషయాలు కలుపుతాను.

మొదటిది, మన సిలబస్‌లో ఇలాంటి రచనకు దగ్గరి చుట్టం ఒకటి ఇప్పటికే ఉంది. సైకియాట్రీ పోస్టింగులో ప్రతి విద్యార్థీ రాసే ప్రాసెస్ రికార్డింగ్‌ను గుర్తుచేసుకోండి. నర్సు ఏమన్నది, రోగి ఏమన్నాడు, మాటల్లో చెప్పనిది ముఖంలో, చేతుల్లో ఏం కనిపించింది, దాన్ని నర్సు ఎలా అర్థం చేసుకున్నది అన్నవి నిలువు గడుల్లో రాస్తారు. అది సంభాషణతో నడిచే చిన్న నాటకమే. చాలా కళాశాలల్లో దాన్ని కూడా ‘థెరప్యూటిక్ కమ్యూనికేషన్ పద్ధతులు వాడాను’ అనే ముక్తాయింపుతో చంపేస్తున్నారు గానీ, గడులు తీసేసి అదే సంభాషణను కథగా రాయమంటే, మధ్యలో ఇద్దరూ మౌనంగా కూర్చున్న క్షణం ఎంతసేపు నడిచిందో, ఆ మౌనాన్ని భరించలేక ముందు నోరు తెరిచింది నర్సేనని బయటపడుతుంది. మీ ప్రిన్సిపాల్ గారికి కొత్త రికార్డు అని చెప్పకండి. ఉన్న రికార్డును మరోలా రాయిస్తున్నానని చెప్పండి.

రెండోది ప్రమాదాల గురించి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ బృందం అమెరికాలో కళాశాల విద్యార్థుల చేత తమ జీవితాల్లోని బాధాకరమైన సంఘటనల గురించి వరుసగా నాలుగు రోజులు, రోజుకు పావుగంట చొప్పున రాయించింది. రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గిందన్న ఫలితాన్నే అందరూ చెప్పుకుంటారు. కానీ రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కిందన్న సంగతి కూడా అదే పరిశోధనలో ఉంది. మన పిల్లలు పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకే మొదటి మరణం చూస్తారు. శవానికి లాస్ట్ ఆఫీసెస్ (శుభ్రం చేసి అప్పగించడానికి సిద్ధం చేసే చివరి పనులు) చేసి, చేతులు కడుక్కుని, హాస్టల్ మెస్‌లో భోజనానికి కూర్చుంటారు. వాళ్లను అదే సాయంత్రం ‘నీ మనసును కలచివేసిన సంఘటన రాయి’ అని అడగడం సరికాదు. ఏ సంఘటన రాయాలో వాళ్లే ఎంచుకోవాలి, చిన్న సంఘటన ఎంచుకున్నా తక్కువ చేసి చూడకూడదు. మొదటి నెలల్లో కలవరపెట్టనివే ఇవ్వండి: వార్డులో మొదటిసారి ‘సిస్టర్’ అని పిలిపించుకున్న క్షణం, రోగి వెంట వచ్చినవాళ్లు మంచం కింద పెట్టుకున్న సంచిలోని వస్తువులు, ఇలాంటివి.

రాసింది చదివే మనిషి మనస్తత్వ చికిత్సకురాలు కాదు, కానక్కర్లేదు. అయితే ఏ పిల్ల రాతలోనైనా ఇక బతకాలని లేదన్న ధోరణి గానీ, ఇంట్లోనో పనిచేసే చోటనో వేధింపు గానీ కనిపిస్తే ఏం చేయాలో ముందే నిర్ణయించుకుని ఉండాలి. ‘నీ రాత రహస్యంగా ఉంచుతాను, కానీ నీ ప్రాణానికి గానీ రోగి ప్రాణానికి గానీ ముప్పు ఉందనిపిస్తే మాత్రం నీకు చెప్పే ఇంకొకరి సాయం తీసుకుంటాను’ అని మొదటి రోజే చెప్పాలి. కళాశాలలో కౌన్సెలర్ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 తరగతి గదిలో రాసి పెట్టండి, అందులో తెలుగులో మాట్లాడవచ్చు.

గోప్యత మీద ఇంగ్లండు సిస్టర్ గారు చెప్పినదానికి మన చట్టాలు కూడా తోడున్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. అదే సంవత్సరం వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఒక వ్యక్తి హెచ్‌ఐవీ స్థితిని అతని సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని నిషేధించింది. అందువల్ల ఏఆర్‌టీ సెంటరు (హెచ్‌ఐవీ ఉన్నవారికి మందులిచ్చే కేంద్రం), సైకియాట్రీ వార్డుల పోస్టింగుల్లో జరిగినవాటిని కథలుగా రాసినా సరే, జబ్బు పేరుతో సహా మార్చి రాయాలని మేం పట్టుబడతాం.

అడిగినవారి స్పందన

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మా ప్రిన్సిపాల్ గారితో మాట్లాడాను. వచ్చే సెమిస్టరులో ఒక బ్యాచితో, వారానికొకసారి క్లినికల్ కాన్ఫరెన్సు చివరి పావుగంటలో మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు. నోటు పుస్తకాలు పిల్లల దగ్గరే ఉంటాయి, వార్డుకు వెళ్లవు, ఎవరి సంతకమూ ఉండదు. తెలుగులో రాసుకోవచ్చు. వరంగల్ సిస్టర్ గారి అనుభవం చదివాక, ఆ బ్యాచికి ప్రాక్టికల్ మార్కులు వేయని సహోద్యోగిని ఒకరిని ఈ పావుగంట నడపమని అడిగాను, ఆవిడ అంగీకరించారు. నేను నా పిల్లలకు బదులు ఆవిడ పిల్లలతో కూర్చుంటాను.

ఒక్క చిక్కు మిగిలింది. మార్కులు లేకపోతే ఎవరూ రాయరని, ఇంటర్నల్ అసెస్‌మెంట్‌లో ఎంతో కొంత కలపాలని ప్రిన్సిపాల్ గారి పట్టుదల. కథకు మార్కులు ఎలా వేస్తాం?

సమాధానం (విశ్రాంత నర్సింగ్ ప్రొఫెసర్, విశాఖపట్నం)

కథకు వేయకండి. వేస్తే భాష బాగా వచ్చిన పిల్లకు ఎక్కువ వస్తాయి, రోగిని బాగా చూసుకున్న పిల్లకు తక్కువ వస్తాయి, ఆ అన్యాయం మొదటి నెలలోనే అందరికీ తెలిసిపోతుంది. ప్రిన్సిపాల్ గారి మాట తీసేయనక్కర్లేదు, మార్కులను వేరే చోటికి జరపండి. సెమిస్టరు చివర ప్రతి విద్యార్థీ తన నోటు పుస్తకంలో నుంచి తనకు ఇష్టమైన ఒక రచనను ఎంచుకుని, దాన్ని మీకు ఇవ్వకుండా, దాని ఆధారంగా ఒక పేజీ విడిగా రాసి ఇవ్వాలి. ఆ రచన వల్ల తాను కొత్తగా ఏం గమనించింది, దాన్ని వార్డులో ఎలా సరిచూసుకుంది, ఆ తర్వాత తన పనిలో ఏది మారింది అన్నవే అందులో ఉండాలి. ఆ పేజీ గిబ్స్ వరుసలోనే రాయవచ్చు, ఇంగ్లీషులోనే రాయవచ్చు, మీ ఆరంచెల నియమం కూడా చెల్లుతుంది. తెరల కొక్కేల సంగతి కనుక్కున్న అమ్మాయికి నేను పూర్తి మార్కులు వేసింది అలాంటి పేజీకే. అందులో ఆమె భాష సాదాగా ఉంది, రెండు మూడు స్పెల్లింగులు కూడా తప్పాయి.

మరో సంగతి. ఆ పావుగంటలో నడిపే ఉపాధ్యాయురాలు కూడా విద్యార్థులతో పాటు కూర్చుని రాయాలి, మొదటి వారం తన రచనే ముందుగా చదివి వినిపించాలి. మీ సహోద్యోగినికి ఆ మాట ఇప్పుడే చెప్పి ఒప్పించండి, ఎందుకంటే ఆవిడ బల్ల దగ్గర నిలబడి గడియారం చూస్తూ ఉంటే పిల్లలు మళ్లీ ఆ మూడు వాక్యాలే రాస్తారు.